‘తగ్గింది’కి ఇంగ్లీషులో ఎన్ని మాటలు?

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం పెట్టిన సభలో ఒక ఇంగ్లీషు మాస్టారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకోడానికని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ ఫ్యాను కింద చోటుంది. రండి, పర్వాలేదు, ఎవర్నీ లేపి పద్యం చెప్పమనను.

మొదట ఒక ప్రశ్న. పందికొక్కుని ఇంగ్లీషులో ఏమంటారు? బిగ్ ర్యాటా? ఇంకా? పిగ్ ర్యాటా! బాగుంది. బ్యాండికూట్ అంటారండి. నాతోపాటు అనండి. బ్యాండికూట్. పందికొక్కు. బ్యాండికూట్. చెవికి ఏమైనా తెలుస్తోందా? మన ధాన్యం కొట్లో దూరి బస్తాలు కొరికే పందికొక్కే ఇంగ్లీషు నిఘంటువులోకీ దూరింది. తెలుగు నుంచి వచ్చిన మాట అని నిఘంటువులోనే రాసి ఉంటుంది, చూసుకోండి. ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుక్కూడా ఆ పేరే తగిలించారు. దానికీ మన పందికొక్కుకీ చుట్టరికం లేదు.

ఇంకోటి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన కట్టడాన్ని ఆనాటి ఇంగ్లీషు కాయితాల్లో ఏమని రాశారు? ఆనికట్. మన ఆనకట్టే. తమిళంలోంచి తీసుకున్నారని నిఘంటువులు చెబుతాయి, కానీ రెండూ తోబుట్టువులే కదా. అన్నట్టు, బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది కూడా ఆ 1852లోనే.

ఇవి ఎందుకు చెబుతున్నానంటే, రేపు సాయంత్రం మిమ్మల్ని అడిగితే బ్యాండికూట్ అన్న మాట మీలో చాలామంది చెప్పేస్తారు. ఎంచేత? అది మీకు ముందే తెలిసినదానికి తగులుకుంది. పైగా నోటితో నాలుగుసార్లు అన్నారు. అదే నేను బోర్డు మీద యాభై మాటలు రాసి, పక్కన అర్థాలు రాసి, బట్టీ పట్టండి అంటే? ఎన్ని మిగులుతాయి?

ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మన్ పండితుడు, 1885లో ఈ సంగతి తన మీద తానే పరీక్షించుకుని అచ్చు వేశాడు. అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో లెక్కకట్టాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది. ఆ తర్వాత పోవడం నెమ్మదించింది. అంటే మరుపు మొదట గబగబా వస్తుంది, పోనుపోను నిదానిస్తుంది. మనం ఏం చేస్తాం? పరీక్షకి ముందురోజు రాత్రి ఒకేసారి చదివి, పరీక్ష రాసి, మళ్లీ ఆ పుస్తకం మొహం చూడం. మరుపు ఎప్పుడు జోరుగా ఉంటుందో సరిగ్గా అప్పుడే వదిలేస్తున్నాం.

సరే, అసలు సంగతికి వద్దాం. ఇప్పుడు నేను తెలుగులో చెబుతాను, మీరు ఇంగ్లీషులో చెప్పండి. జ్వరం తగ్గింది. ఏమన్నారు? ఫీవర్ ఈజ్ రెడ్యూస్డ్. వరద తగ్గింది? ఫ్లడ్ ఈజ్ రెడ్యూస్డ్. కొబ్బరికాయల ధర తగ్గింది? రేట్ ఈజ్ రెడ్యూస్డ్. పులుసులో ఉప్పు తగ్గింది? ఇప్పుడు నవ్వుతున్నారు! సాల్ట్ ఈజ్ రెడ్యూస్డ్ అంటే ఎవరో వచ్చి పులుసులోంచి ఉప్పు తీసేశారనుకుంటారు.

ఇదండి మన ఇబ్బంది. తెలుగులో ఒక్క ‘తగ్గింది’ ఇన్ని పనులు చేస్తుంది. ఇంగ్లీషులో పనిపనికీ వేరే మాట. జ్వరం కమ్ డౌన్ అవుతుంది: ద ఫీవర్ హ్యాజ్ కమ్ డౌన్. వరద రిసీడ్ అవుతుంది: ద ఫ్లడ్‌వాటర్ హ్యాజ్ రిసీడెడ్. ధర ఫాల్ అవుతుంది. వాపు గో డౌన్ అవుతుంది. మనిషి బరువు తగ్గితే లూజ్ వెయిట్, అంటే పోగొట్టుకోవడం. గొడవలో ఒకడు తగ్గాడనుకోండి, హీ బ్యాక్డ్ డౌన్. పులుసు సంగతా? ఇట్ నీడ్స్ మోర్ సాల్ట్. అక్కడ ‘తగ్గడం’ అన్న ఊసే లేదు, ఇంకా కావాలి అంటారు.

రెడ్యూస్ తప్పు మాటా? కాదు. ఎవరైనా పనిగట్టుకుని తగ్గించినప్పుడు అది సరిగ్గా సరిపోతుంది. దుకాణంవాడు ధర తగ్గిస్తే రెడ్యూస్. వరదని ఎవరు తగ్గించారు? దానంతటది తగ్గింది. మాట అర్థం తెలియడం వేరు, ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో తెలియడం వేరు. అందుకే నా గోల ఒకటే: మాటని ఒంటరిగా రాసుకోకండి. తోడుతో రాసుకోండి. రిసీడ్ ఈక్వల్‌టు తగ్గు అని రాసుకున్నవాడు రేపు ‘మై ఫీవర్ రిసీడెడ్’ అంటాడు. ఫ్లడ్‌వాటర్ రిసీడ్స్ అని రాసుకున్నవాడు ఆ తప్పు చెయ్యడు. టీ చిక్కగా ఉంటే థిక్ టీ అంటున్నాం మనం. వాళ్లకి అది స్ట్రాంగ్ టీ. వాన గట్టిగా పడితే స్ట్రాంగ్ రెయిన్ కాదు, హెవీ రెయిన్. లెక్క ప్రకారం రెండూ ‘గట్టి’వే కదా అని వాదించి లాభం లేదు. పెళ్లిళ్లు అయిపోయాయి, వాళ్ల జతలు వాళ్లవి.

ఇప్పుడు దీన్ని తిరగేద్దాం. ఇంగ్లీషులో ఒకటే మాట, మనకి చాలా. డిశ్చార్జ్. ఎక్కడ విన్నారు? ఆసుపత్రిలో. ఇంకా? ఫోను డిశ్చార్జ్ అయిపోయింది. ఇంకా? జులై, ఆగస్టు నెలల్లో పేపరు చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కుల డిశ్చార్జ్ అని ఉంటుంది. రోగి, బ్యాటరీ, గోదావరి, ముగ్గురికీ ఒకే మాటేంటి? ఛార్జ్ అంటే మొదట్లో బండికి బరువెత్తడం. డిశ్చార్జ్ అంటే ఆ బరువు దింపెయ్యడం, పట్టి ఉంచినదాన్ని వదిలెయ్యడం. ఆ ఒక్క బొమ్మ మనసులో ఉంటే రోగి ఇంటికెళ్లడం, బ్యాటరీ ఖాళీ అవడం, గేట్లెత్తి నీళ్లు వదలడం, అన్నీ అందులోకే వస్తాయి. సిపాయిని కొలువులోంచి పంపించినా డిశ్చార్జే.

అలాగే లాకులు. మనకి లాకులంటే ఏంటి? కాలవ మీద ఉండేవి. రెండు తలుపుల మధ్య పడవని నిలిపి, నీటిమట్టం పెంచో దించో అవతలికి పంపేవి. మరి లాక్ అంటే బళ్లో తాళం అని నేర్చుకున్నారే? మీ తాతగారికి మీకంటే ముందే ఆ రెండో అర్థం తెలుసు. బ్యాంక్ అంటే డబ్బు దాచుకునేదీ, ఏటిగట్టూ. కరెంట్ అంటే తీగలో వచ్చేదీ, ఏట్లో ఒరవడీ. ‘ద కరెంట్ ఈజ్ స్ట్రాంగ్’ అని రేవులో బోర్డు ఉంటే వైర్లు తెగిపడ్డాయేమో అనుకోకండి, నీళ్లలో దిగకండి అని చెప్పడం. చూశారా, గోదావరి ఒడ్డున పుట్టడం వల్ల మీకు ఎన్ని ఇంగ్లీషు మాటలు సగం వచ్చేశాయో!

మరి ఏ మాటలు నేర్చుకోవాలి? నిఘంటువు తెరిచి ‘ఎ’ నుంచి మొదలెట్టేవాళ్లుంటారు. దయచేసి వద్దు. ఆ దారిలో ఆర్డ్‌వార్క్ అనే చీమలు తినే ఆఫ్రికా జంతువు మీకు రెండో రోజే ఎదురవుతుంది, జన్మలో మళ్లీ కనపడదు. మైఖేల్ వెస్ట్ అని, ఢాకాలో పంతులుగా పనిచేసినాయన, 1953లో ఒక జాబితా అచ్చువేశాడు. ఎక్కువగా వాడుకలో ఉండే మాటలు సుమారు 2,000. మామూలు ఇంగ్లీషు పేజీలో పదింట ఎనిమిది మాటలు ఇలాంటి జాబితాలోవే వస్తాయి. డిగ్రీ పుస్తకాలకైతే కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో చేసిన జాబితా ఉంది, అందులో 570 మాట కుటుంబాలు. కుటుంబం అంటే ప్రొడ్యూస్, ప్రొడక్ట్, ప్రొడక్షన్, ప్రొడక్టివ్, ఇలాగ. రెండూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు మొదటిదాంట్లో మీకు రానివి పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. ఇంటర్ పిల్లలకి కూడా కొన్ని వందలు తేలతాయి, సిగ్గుపడకండి.

జాబితా పక్కనే చదువు ఉండాలి. మీకు నచ్చిందే చదవండి, క్రికెట్టో, ఆక్వా చెరువులో, ఏదో ఒకటి. ఒక పేరాలో వంద మాటలు లెక్కపెట్టండి. తెలియనివి రెండుంటే హాయిగా చదవగలరు. అంటే వందలో 98 తెలియాలన్నమాట. పాల్ నేషన్ లాంటి పరిశోధకులు తేల్చిన లెక్క అది. ఐదుంటే కష్టపడి లాగొచ్చు. పది దాటితే ఆ వ్యాసం ఇవాళ్టికి పక్కన పెట్టెయ్యండి, అందులో మీ తప్పేం లేదు.

వరదల రోజుల్లో ఇంగ్లీషు పేపరు జిల్లా పేజీ తియ్యండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది. ఇది మీకు చిన్నప్పట్నుంచి తెలుసు. సంగతి ముందే తెలుసు గనక మాటలు వాటంతటవే విడిపోతాయి. బ్రీచ్ అంటే గండి. ఇనండేటెడ్ అంటే ముంపులో ఉంది. ఇవాక్యుయేట్ అంటే లంకలోంచి జనాన్ని ఖాళీ చేయించడం. నిఘంటువు చూడకుండానే సగం పట్టేస్తారు, తర్వాత చూసి సరిచేసుకుంటారు. ముందు ఊహించి తర్వాత చూసుకున్న మాట గట్టిగా నిలుస్తుంది.

ఇక పని. రోజుకి ఎన్ని మాటలు? ఐదు. ఇరవై అని ఎవరో అంటున్నారు. చెబుతాను, ఉండండి.

ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా? వాటి వెనక వైపు తెల్లగా ఉంటుంది, అట్ట దళసరి. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చెయ్యండి. నోటుపుస్తకం కాయితం వద్దు, రాసింది వెనక్కి కనపడుతుంది, మీరు మీకు తెలియకుండానే కాపీ కొడతారు. ముక్క ముందువైపు ఒక వాక్యం రాసి, కొత్త మాట ఉండాల్సిన చోట మొదటి అక్షరం మాత్రం వేసి గీత గియ్యండి. వెనకవైపు నాలుగు సంగతులు: ఆ మాట, అది ఎలా పలుకుతారో తెలుగులో, దాని తోడు మాట, మీ సొంత వాక్యాలు. తెలుగు అర్థం రాసుకోవచ్చా? రాసుకోండి, మూల చిన్నగా. తెలుగు అర్థం తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ అదొక్కటే రాసి ఊరుకోకూడదు.

పలకడం దగ్గర ఒక మాట. తెలుగులో అక్షరాలన్నిటికీ దాదాపు సమానంగా బరువిస్తాం. ఇంగ్లీషులో మాటకి ఒకచోట బరువు పడుతుంది, అది మారితే ఒక్కోసారి అర్థమే మారుతుంది. రికార్డ్: మొదట్లో బరువు వేసి ‘రెకార్డ్’ అంటే నమోదు పుస్తకం, చివర్లో వేసి ‘రికార్డ్’ అంటే నమోదు చెయ్యడం. ప్రొడ్యూస్ కూడా అంతే, ముందు బరువు పడితే పండిన పంట, చివర పడితే పండించడం. బరువు పడే చోట కార్డు మీద కింద గీత గియ్యండి. ఫోన్లో నిఘంటువు తెరిచి, స్పీకరు బొమ్మ నొక్కి విని, మూడుసార్లు పైకి అనండి. మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు.

ఇప్పుడు పెట్టె. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో చెప్పిన పద్ధతి ఇది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఖాళీది తీసుకోండి. అట్టముక్కలు అడ్డుపెట్టి ఐదు అరలు చెయ్యండి. కొత్త కార్డు మొదటి అరలో వేస్తాం, మర్నాడు చూస్తాం. వాక్యం చదివి, మాట పైకి చెప్పి, అప్పుడు తిప్పాలి. వచ్చిందా, రెండో అరకి, రెండు రోజులకి మళ్లీ. వచ్చిందా, మూడోది, నాలుగు రోజులకి. తర్వాత ఎనిమిది, తర్వాత పదహారు. రాలేదా, ఏ అరలో ఉన్నా సరే, మళ్లీ మొదటి అరలోకి. రోజుల లెక్క అటూఇటూ అయినా పర్వాలేదు. ఎప్పుడు చూడాలో ఆ తేదీ మూల పెన్సిల్‌తో వేసుకోండి.

ఇప్పుడు ఇరవై సంగతి. రోజుకి ఐదు కొత్తవి వేస్తే, కొన్నాళ్లకి ఒక్కో అర నుంచి రోజుకి సుమారు ఐదు చొప్పున ఇరవై ఐదు కార్డులు చూడాలి. తప్పులతో కలిపి ముప్ఫై ఐదనుకోండి. కార్డుకి పది సెకన్లు, మొత్తం ఆరు నిమిషాలు. అదే ఇరవై వేస్తే నూట నలభై కార్డులు, ఇరవై మూడు నిమిషాలు, అదీ కొత్తవి రాసే టైము కాకుండా. మూడోవారం పండగో పెళ్లో వస్తుంది, రెండ్రోజులు వదిలేస్తారు, మూడో రోజు డబ్బా తెరిస్తే మూడు వందల చిల్లర కార్డులు! డబ్బా అటక ఎక్కుతుంది. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడేనండి, తెలివి చాలక కాదు. ఐదే వెయ్యండి, వారానికి ఆరు రోజులు. ఏడో రోజు పాతవి మాత్రం తిరగెయ్యండి.

ఇంకో తప్పు. కార్డు తిప్పేసి, చూసి, ‘ఆఁ, ఇది తెలుసు’ అనుకోవడం. చూసి గుర్తుపట్టడం వేరండీ. సంతలో మొహం చూసి ఫలానావారి అబ్బాయి అని గుర్తుపడతాం, పేరు నోటికి రాదు. మాట్లాడేటప్పుడు కావల్సింది పేరే. పైకి చెప్పకుండా తిప్పిన కార్డు తప్పు కిందే లెక్క.

ఇంకొకటి, ఇది పుస్తకాలు కూడా తప్పు చేస్తాయి. ఒకేలాంటివి, ఎదురుబొదురువి ఒకే రోజు నేర్చుకోకండి. బారో, లెండ్. మనకి రెండిటికీ అప్పే, ఒకటి తీసుకోవడం, ఒకటి ఇవ్వడం. రెండూ ఒకే రోజు రాసుకున్నవాడికి ఏడాది దాకా ఏది ఏదో తేలదు. ముందు బారో నేర్చుకోండి, అది మూడో అరకి చేరాక లెండ్ తియ్యండి. అఫెక్ట్, ఎఫెక్ట్ కూడా అంతే. ఆటూ పోటూ ఒకేసారి వస్తే పడవ ఎటూ కదలదు.

చివరిది, అసలైంది, సొంత వాక్యం. బ్రీచ్ అని నేర్చుకున్నారు. ‘ఐ సా ఎ బ్రీచ్’ అని రాశారు. వ్యాకరణం తప్పు లేదు. కానీ బ్రీచ్ తీసేసి డాగ్ పెట్టండి, బస్ పెట్టండి, వాక్యం అలాగే నిలబడుతుంది. అంటే ఆ వాక్యం మీకు బ్రీచ్ గురించి ఏమీ నేర్పలేదు. ఇప్పుడిది వినండి: ‘వాటర్ కేమ్ ఇంటూ అవర్ ఫీల్డ్ త్రూ ఎ బ్రీచ్ ఇన్ ద కెనాల్ బ్యాంక్.’ ఇక్కడ డాగ్ పడుతుందా? పట్టదు. గండి తప్ప ఇంకోటి పట్టదు. మీ వాక్యానికి ఈ పరీక్ష పెట్టండి. మాటకి మూడు వాక్యాలు: మీ ఇంటిదో ఊరిదో ఒకటి, నిన్న జరిగింది ఒకటి, ఎవర్నైనా అడిగే ప్రశ్న ఒకటి. ప్రశ్న మాత్రం వదలకండి. మనం ఇంగ్లీషులో జవాబులే ప్రాక్టీసు చేస్తాం, ఎవరైనా ఎదురుపడితే అడగడం రాదు.

రాత్రి పడుకునేముందు ఆ ఐదు మాటలూ వచ్చేలా ఒక్క నిమిషం ఫోన్లో మాట్లాడి రికార్డు చేసుకోండి. మర్నాడు వినండి. ఎక్కడ ఆగారో అక్కడ మాట ఇంకా రాలేదన్నమాట, ఆ కార్డు మొదటి అరలోకి. మొదటివారం మీ గొంతు మీకే నచ్చదు. ఎవరికీ నచ్చదు.

ఏం అమ్మా, నువ్వేదో అడగబోయావు? తెలుగు మీడియంలో చదివితే ఇది కుదురుతుందా అని. కుదురుతుంది. తెలుగు బాగా తెలిసినవాళ్లకి అసలు ‘తగ్గింది’ ఇన్నిచోట్ల వస్తుందన్న సంగతి తడుతుంది. అది తట్టనివాడు అన్నిటికీ రెడ్యూస్ అనేస్తాడు. నువ్వు ‘పట్టు’ తీసుకో. చేప పట్టింది, జలుబు పట్టింది, పిచ్చి పట్టింది, టైము పట్టింది, డబ్బాలో పట్టింది. ఒక్కోటీ ఇంగ్లీషులో వెతుక్కుని రా, వచ్చే ఆదివారం చూద్దాం.

బాబూ, నువ్వు? యాప్ వాడొచ్చా అని. వాడు, అందులోనూ ఇదే పెట్టె ఉంటుంది. ఎవరో చేసిపెట్టిన కార్డులు మాత్రం దింపుకోకు, నీ వాక్యం నువ్వే రాయాలి. అయితే వాట్సప్ వచ్చినప్పుడు పెట్టె మూసి అటు వెళ్లిపోతావు, శుభలేఖ ముక్కలో వాట్సప్ రాదు.

సరే, ఆ బల్ల మీద కత్తిరించిన ముక్కలు ఉన్నాయి. తలా ఐదు తీసుకోండి. రిసీడ్, బ్రీచ్, డిశ్చార్జ్, కరెంట్, బారో. లెండ్ వద్దన్నాను కదా, బారో ఒక్కటే. డిశ్చార్జ్‌కి మూడు వాక్యాలు ఇక్కడే రాసి, పక్కవాళ్లకిచ్చి మాట మార్చి చూడమనండి. పెన్ను లేనివాళ్లు చెయ్యెత్తండి.